గోడవతల ఉత్త మిషను

"ధైర్యంగా ఉండాలె" అని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ధైర్యం పేరుతో మేమిద్దరం ఆడిన నాటకం ఒక మనిషి వేలికి సూది దిగేదాకా ఆగలేదు. ఆ నాటకం మొదలుపెట్టింది నేనే.

నాది మానుకోటలో, స్టేషన్ వెనక సందులో, లేడీస్ టైలర్ దుకాణం. పుట్టిల్లు కొడకండ్ల. ఎనిమిదేళ్లు ఆ సందులో జాకెట్లు కుట్టేది నేనొక్కదాన్నే. ఆ తర్వాత పక్క మడిగెలోకి ఒక తండా పిల్ల తొక్కుడు మిషను తెచ్చుకుని దిగింది. వాళ్ల తండాలో దుకాణం పెట్టిన మొదటి ఆడది ఆమే. ఇంట్లో వాళ్ల భాష, దుకాణంలో మన తెలుగు, రెండింట్లోనూ నోరు గట్టిదే. నన్ను అక్కా అనేది. నేనూ చెల్లె అనేదాన్ని గానీ కడుపులో కుళ్లు ఉండేది, దాచడం దేనికి. మా మధ్య ఒంటి ఇటుక గోడ. అటు దగ్గితే ఇటు వినపడుతుంది.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి, బళ్లు మూతబడ్డాయి, ఆఫీసులకు తాళాలు పడ్డాయి. భూపాలపల్లిలో బొగ్గు బాయికి పోయే మా చిన్నన్న కూడా డ్యూటీ మానేశాడు. అదీ సరిగ్గా బతుకమ్మ, దసరా ముందు. టైలర్లకు ఏడాదంతా ఒకెత్తు, ఆ నెల ఒకెత్తు. నా దగ్గర కుట్టించుకునేది టీచరమ్మలు, ఆఫీసుల్లో పనిచేసే ఆడవాళ్లు, ఊళ్ల నుంచి బస్సెక్కి వచ్చేవాళ్లు. జీతం రానివాళ్లు బట్టలేం కుట్టిస్తారు? బస్సు లేనివాళ్లు ఎలా వస్తారు?

నేను సమ్మెకు ఎదురు కాదు. ధర్నాలో కూర్చున్నాను, నడిరోడ్డు మీద బతుకమ్మ ఆడాను, గొంతు పోయేదాకా జై తెలంగాణ అన్నాను. కానీ గిరాకి లేదని మాత్రం అనలేకపోయాను. అంటే, తెలంగాణ కంటే నీకు నీ జాకెట్లు ఎక్కువైనయా అంటారు. షట్టర్లు దించమని వచ్చినవాళ్లలో ఒక్కడంటే ఒక్కడు దాని వెనక ఉన్న మనిషి ముఖం చూసిన పాపాన పోలేదు. ధైర్యంగా ఉండాలె అక్కా అని పక్క దుకాణానికి పోయేవాళ్లు. అసలే దుకాణం పెట్టినవాళ్లు గిరాకి లేదని నోటితో అనకూడదని మా అమ్మ నేర్పింది, లక్ష్మి అలుగుతుందట. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది కదా. ఎట్లున్నది అంటే మంచిగున్నది అనాలి. సందంతా అదే మాట చెప్పుకుంటూ కూర్చున్నాం.

సగం దించిన షట్టర్ వెనక ఒక మధ్యాహ్నం ఊరికే కూర్చోలేక మిషను తొక్కాను. దారం లేదు, గుడ్డ లేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, గోడవతల ఆమెకు నా దగ్గర పని ఉందని వినపడాలనే తొక్కాను. కాసేపటికి అటునుంచీ మిషను చప్పుడు మొదలైంది. దీనికి పని ఎవరిచ్చారు, నా గిరాకే గుంజుకున్నదా అనుకుని ఇంకా జోరుగా తొక్కాను.

మూడో రోజుకు అర్థమైంది. గుడ్డ ఉన్న మిషను ఆగి ఆగి నడుస్తుంది. చంక దగ్గర ఆగాలి, మెడ దగ్గర తిప్పాలి, దారం తెంపాలి. ఆమె మిషను మాత్రం గూడ్సు బండిలా ఒకటే పోత. అంటే ఉత్తదే. నేను ముదురుదాన్ని, ఆగి ఆగి తొక్కేదాన్ని. ఆమెది ఉత్త చప్పుడని తెలిసినప్పుడు నాకేమనిపించిందో రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాస్తాను. సంతోషమనిపించింది. ఆ రోజు అన్నం సహించింది.

ఆమెకు పెనిమిటి పెట్టిన గడువు కూడా నాకు తెలుసు. దసరాలోపు పని దొరక్కపోతే మిషను అమ్మేసి ఇద్దరూ పత్తి ఏరడానికి పోవాలి. అది తెలిసీ నేను రోజూ ఆగి ఆగి తొక్కాను.

పండుగ నాలుగు రోజులుందనగా, బొగ్గు లేక కరెంటు పోయిన మధ్యాహ్నం, అటు మిషను పరుగెత్తుతూ టక్కున ఆగింది. మళ్లీ మొదలు కాలేదు. చెల్లె అని పిలిచాను. పలకలేదు. లేచి పోయి ఆమె షట్టర్ ఎత్తాను.

గుడ్డ జరిపే అలవాటుతో పెట్టిన ఎడమచేతి చూపుడువేలు సూది కింద ఉంది. గోట్లోంచి దిగింది. కుడిచెయ్యి చక్రం మీదే ఉంది గానీ తిప్పలేకపోతోంది. కింది పెదవి పళ్లతో నొక్కి పట్టింది. అరిస్తే నాకు వినపడుతుందని అరవలేదు. నేనే చక్రం తిప్పి వేలు విడిపించి, గుడ్డపేలిక చుట్టాను. ఆమె వెంటనే మిషను మీద కొంగు కప్పి, అర్జెంటు జాకెట్ అక్కా అంది. రక్తం మరకే గాని అక్కడ నూలుపోగైనా లేదు.

"నాది గూడ ఉత్త మిషనే చెల్లె," అన్నాను.

ఏడుస్తుందనుకున్నాను. నా వైపు తిరిగి చూసిన చూపుకు నేను రెండడుగులు వెనక్కి వేశాను.

"మరి ఆగి ఆగి తొక్కుతవు గదా? చంక కాడ ఆగినట్టు, మెడ కాడ ఆగినట్టు. గది విని నేను రోజు ఏడ్చిన అక్కా. అందరికి పనున్నది, నేనే చేతగానిదాన్ననుకున్న."

ఆమె మిషను మీది రక్తం తుడిచి నా మడిగెలోకి వచ్చేశాను.

మర్నాడు పొద్దున ఆమె పెనిమిటి ఆటో తెచ్చుకుని మిషను కోసం వచ్చాడు. పండుగ దాకా ఆగే ఓపిక కూడా లేకపోయింది. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. అతని మీదనా, షట్టర్ దించినవాళ్ల మీదనా, మా అమ్మ చెప్పిన లక్ష్మి మీదనా, నా మీదనా, తెలియదు. ఆమె గుమ్మానికి అడ్డంగా నిలబడి సందంతా వినేట్టు అన్నాను.

"దానికి పని లేదు. నాకు గూడ లేదు. రోజు ఉత్త మిషను తొక్కుతున్న. దానికి చేతగాక గాదు. తీస్కపోతే నాది గూడ తీస్కపో."

ఎదురుగా గాజుల దుకాణం పెద్దమనిషి, రోజూ మంచిగున్నది అనేవాడు, షట్టర్ కింద నుంచి తల బయటపెట్టి తనకు బోణీ కాక పదిరోజులైందన్నాడు. ఆమె పెనిమిటి ఒకసారి అటు, ఒకసారి ఇటు చూశాడు. పెళ్లాం వేలి కట్టు చూశాడు. ఆటో ఖాళీగానే తిప్పుకుపోయాడు.

ఆమె నాకు థ్యాంక్స్ చెప్పలేదు, ఎందుకు చెప్పాలి. ఎవరి మడిగెలోకి వాళ్లం పోయాం. ఆ మధ్యాహ్నం రెండు మిషన్లూ నడవలేదు. కాసేపటికి గోడవతల ఏడుపు మొదలైంది. నోరు కుక్కుకోలేదు, కొంగు అడ్డం పెట్టుకోలేదు, నాకు వినపడితే వినపడనీ అన్నట్టు ఏడ్చింది. నేను లేచి ఆమె దగ్గరికి పోయాను.