ఈశాన్యంలో నిప్పు

చలి మొదలైన మొదటి వారంలో మా వీధిలో ఎవరో ఒకరు కట్టెలు రాజేస్తారు. కారు దిగి ఇంట్లోకి నడిచే ఆ కాసేపట్లో పొగ వాసన ముక్కుకు తగులుతుంది. ఆ వాసన అందరికీ హాయిగా ఉంటుందట. సెలవులు, మెత్తటి దుప్పట్లు గుర్తొస్తాయట. నాకు మాత్రం ముందు భయం వేస్తుంది, ఆ తర్వాత ప్రభావతిగారు గుర్తొస్తారు. ఇన్నేళ్ళలో ఈ వరస ఒక్కసారి కూడా మారలేదు.

ప్రభావతిగారిని మీరెవరూ చూసి ఉండరు. నార్త్ కరోలినాలో మేమున్న ఊరికి మొట్టమొదట వచ్చిన తెలుగువాళ్ళలో ఆవిడ ఒకరు. ఆస్పత్రిలో పెథాలజిస్టు, అంటే రోగి ఒంట్లోంచి తీసిన చిన్న ముక్కను మైక్రోస్కోపు కింద పెట్టి చూసి, అదేమిటో తేల్చి చెప్పే డాక్టరు. "నేను చూసేవాళ్ళెవరూ నాతో మాట్లాడరమ్మా, అందుకే నాకు మాట్లాడటం సరిగ్గా రాదు" అనేవారు. నేత చీర మీద, పోయిన భర్త తాలూకు ఓవర్‌కోటు, కాళ్ళకు రబ్బరు బూట్లు వేసుకుని, పడవంత స్టేషన్ వ్యాగన్ నడుపుకుంటూ వచ్చేవారు. కొడుకు ఎక్కడో దూరపు రాష్ట్రంలో చదువుతుండేవాడు. ఒక్కరే ఉండేవారు.

నాకు రెండోసారి కడుపు పోయినప్పుడు ఊళ్ళో ఉన్న నాలుగు తెలుగు కుటుంబాల వాళ్ళూ చారు, కూరలు పట్టుకుని వచ్చారు. అందరూ మంచివాళ్ళే. అందరూ ఒకే మాట అన్నారు, "ఏం కాదులే, చిన్నదానివి" అని. ఏమీ కాకపోతే నేనెందుకు మంచంలో ఉన్నానో నాకర్థం కాలేదు. ప్రభావతిగారు అందరూ వెళ్ళాక వచ్చారు. మంచం పక్కన కూర్చుని, "చాలా అన్యాయం జరిగింది" అన్నారు. తర్వాత నా జుట్టు చూసి, దువ్వెన ఎక్కడుందో వెతుక్కుని, చిక్కులు ఒక్కొక్కటే తీసి జడ వేసి వెళ్ళిపోయారు. ఆ రోజు నేను కరువుతీరా ఏడ్చాను. అప్పటినుంచి ఆవిడంటే నాకు కొంచెం భయమూ, చెప్పలేనంత ఇష్టమూ ఏర్పడ్డాయి.

ఎనభైల మొదట్లో మావారు సుధాకర్, నేనూ కలిసి ఇల్లు కట్టించుకోవడానికి సిద్ధపడ్డాం. కట్టించుకోవడమంటే మనవైపు లాగా కాదు, బిల్డర్ ఇచ్చిన పుస్తకంలో ఒక బొమ్మ చూసి, ఇది కావాలని చెప్పడమే. బొమ్మను భోజనాల బల్ల మీద పరిచి, క్యాంపింగ్ సామాన్ల కొట్లో కొన్న దిక్సూచిని దాని మీద పెట్టి, సుధాకర్ కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. ఇల్లు తూర్పు ముఖం. పెద్ద గది దక్షిణం చివర. ఆ గదికి ఆగ్నేయపు మూలలో, చలికి గోడలోనే కట్టెలు కాల్చుకునే ఫైర్‌ప్లేస్! ఎవరూ అడగకుండానే ఆగ్నేయంలో అగ్ని కుదిరిందని మురిసిపోయాం. నేను వెంటనే దేవుడి దగ్గర దీపం కూడా పెట్టాను. అప్పటికి నాకు మళ్ళీ మూడో నెల. ఆ సంగతి మేమిద్దరం కూడా పైకి అనుకునేవాళ్ళం కాదు.

జనవరిలో ఒక ఆదివారం స్థలం చూడటానికి వెళ్ళాం. ఎర్రమట్టిలో మేకులు దిగ్గొట్టి తాళ్ళు కట్టారు. గరాజ్ ఉత్తరాన ఉండాల్సింది, దక్షిణాన కనిపించింది. తాళ్ళు తప్పు కట్టారని బిల్డర్ వాల్ట్‌తో చెప్పాను. ఆయన పెద్దాయన, నెమ్మదస్తుడు. "నో, మేడమ్. స్థలం వాలు అటుంది కాబట్టి ప్లాన్ ఫ్లిప్ చేశాం. కాంట్రాక్టులో రివర్స్ ప్లాన్ అని ఉందిగా? సేమ్ హౌస్. మిర్రర్ ఇమేజ్" అన్నాడు. సుధాకర్ మొహం చూశాను. ఆ కాంట్రాక్టులో 'రివర్స్' అన్న మాట మేమిద్దరం చదివాం. డీలక్స్ లాగా అదేదో మోడల్ పేరనుకున్నాం. ఇద్దరం ఎమ్మెస్సులు చదివినవాళ్ళం.

వాల్ట్‌కి అది అదే ఇల్లు. మాకు మాత్రం గరాజ్ ఆగ్నేయానికి, నిప్పు ఈశాన్యానికి వచ్చాయి. ఈశాన్యం దేవుడి మూల. నీళ్ళుండాల్సిన చోట, పూజ చేసుకోవాల్సిన చోట నిప్పు. చిమ్నీ పునాది పోసేలోగా, అంటే శుక్రవారంలోగా చెబితే లోపలి గోడకు మారుస్తానని, లేదా అసలు తీసేస్తానని వాల్ట్ అన్నాడు. తిరిగొచ్చేటప్పుడు కార్లో సుధాకర్ "ఇవన్నీ మనం నమ్ముతామా ఏమిటి?" అన్నాడు. మర్నాడు ఆఫీస్‌కి వెళ్తూ దిక్సూచి జేబులో వేసుకోవడం నేను చూశాను.

ఆ వారం ఎవరింట్లోనో, తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్ భోజనాలు. సుధాకర్ నోరు జారాడు. ఇక చూడాలి! ఇంటికి ఆగ్నేయం కాకపోయినా ఆ గదికి ఆగ్నేయంలో పెడితే సరిపోతుందని ఒకరు. వంట చేసే పొయ్యే అగ్ని, ఇది అలంకారం కాబట్టి లెక్కలోకి రాదని ఇంకొకరు. "అదేం కాదండీ, మావాళ్ళు అందులో దేవుడి పటాలు పెట్టేసుకున్నారు. నిప్పు పెట్టకపోతే అది గూడే కదా! ఈశాన్యంలో పూజ, బ్రహ్మాండం" అని ఒకావిడ. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అప్పుడు పులిహోర వడ్డించుకుంటున్న ఒక పెద్దాయన, "ఏమైనా ఈశాన్యంలో నిప్పు మంచిది కాదమ్మా, సంతానానికి దెబ్బ" అన్నారు. అన్నాక తెలిసింది ఆయనకి. అందరి కళ్ళూ నా పొట్ట మీదికి వచ్చి, మళ్ళీ పళ్ళేల్లోకి వెళ్ళాయి. ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, "అసలు కడుపుతో ఉండగా ఇల్లు మొదలుపెట్టకూడదుగా, ఎవరూ చెప్పలేదా?" అంది జాలిగా.

ఆ తర్వాత నాకు ముద్ద దిగలేదు. కళ్ళు మూసుకుంటే ఎర్రమట్టిలో ఆ మేకులే. ఫైర్‌ప్లేస్ తీసేయమని చెబుదామని ఫోన్ దగ్గరికి వెళ్ళేదాన్ని, తీసేస్తే గరాజ్ ఆగ్నేయంలో ఉన్న దోషం ఏం చేయాలో తెలియక వెనక్కి వచ్చేదాన్ని. గురువారం మధ్యాహ్నం ప్రభావతిగారు ఫోన్ చేసి, "తయారై ఉండు, నీ స్థలం చూపించు" అన్నారు. పాట్‌లక్‌లో ఆవిడా ఉన్నారు. అక్కడ ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

బూట్లతో బురదలోకి దిగి, తాళ్ళు దాటుకుంటూ వెళ్ళి ఈశాన్యపు మేకు దగ్గర నిలబడ్డారు. "నీ భయం ఏమిటో చెప్పు. ఈశాన్యం అనకు. అది దిక్కు."

"ఈ బిడ్డ కూడా దక్కదేమోనని," అన్నాను. ఆ మాట బయటికి అనడం అదే మొదటిసారి. ఆవిడ "ఏం కాదులే" అంటారేమోనని ఒక్క క్షణం చూశాను.

"ఊఁ," అన్నారు ఆవిడ. "ఉంటుంది మరి. ఉండక ఏం చేస్తుంది?" కోటు జేబుల్లో చేతులు పెట్టుకున్నారు. "మా ఇంట్లో ఫైర్‌ప్లేస్ ఎక్కడుందో గమనించావా? ఆగ్నేయంలో. మా ఆయన ఇండియాకి ఉత్తరాలు రాసి, అడిగి మరీ పెట్టించారు. ఆ గదిలోనే, దాని ముందే కూలిపోయారు. ఆయన పోయాక ఏడాదిపాటు టేపు పట్టుకుని ఇల్లంతా కొలిచానమ్మా, ఏ మూల తప్పుందోనని. గుండె రిపోర్టు నా చేతిలోనే ఉంది. చదవడం నాకొచ్చు. అయినా గోడలు కొలిచాను."

నా వైపు తిరిగి మళ్ళీ అన్నారు, "మార్చాలనుంటే మార్చు. తప్పేం లేదు. మారిస్తే నీకు నిద్ర పడుతుందా? అది చెప్పు చాలు."

నిజంగానే ఆలోచించాను. ఇది మారిస్తే మెట్లు ఎటు తిరిగాయో చూస్తాను. తర్వాత గుమ్మాలు లెక్కపెడతాను. తర్వాత మంచం తల. నా సంగతి నాకు తెలుసు.

"పట్టదండీ," అన్నాను.

"అయితే వాస్తు పక్కన పెట్టు. వంటింట్లో నిలబడు." వంటిల్లంటే నాలుగు మేకులు, వాటి చుట్టూ తాడు. సింకు రావాల్సిన చోట, బురదలో నిలబడ్డాను. "ఇప్పుడు చెప్పు. పాప ఎక్కడ పాకుతుంది?"

"పుడితే..." అని మొదలుపెట్టాను.

"పుడితే కాదు. పుట్టాక."

రెండు చిన్న మాటలు. ఐదు నెలలుగా నేను మొదటి మాటతోనే బతికాను. 'పుడితే' అంటే ఏ దేవుడికీ కోపం రాదు, ఎవరి కళ్ళూ పడవు. ఉయ్యాల కొనలేదు, పేరు అనుకోలేదు. 'పుట్టాక' అనడానికి నాకు నోరు పెగల్లేదు. ఆవిడ తొందర పెట్టలేదు. చలిగాలికి కోటు అంచులు కొట్టుకుంటుంటే అలా నిలబడే ఉన్నారు. చివరికి, "పుట్టాక... ఇక్కడ పాకుతుంది, ఈ పెద్ద గదిలో," అన్నాను. అని ఏడ్చాను. ఏడుస్తూనే చుట్టూ చూశాను. వాల్ట్ చెప్పిన లోపలి గోడ నేను నిలబడ్డ చోటికి కనిపించదు, మెట్లు అడ్డం వస్తాయి. ఈశాన్యపు మూల మాత్రం తిన్నగా కనిపిస్తోంది. గిన్నెలు కడుక్కుంటూ తలెత్తితే చాలు.

"అక్కడే ఉండనిద్దామండీ," అన్నాను.

"నిప్పు ముందు అరుగు ఎత్తుగా కట్టమను," అన్నారు ఆవిడ. "తలకి బొప్పి కడితే తగ్గుతుంది. కాలితే తగ్గదు." అంతే, కారు వైపు నడిచారు. వాల్ట్‌కి ఆ సాయంత్రమే ఫోన్ చేశాను. ధైర్యం వచ్చిందని మీరనుకుంటే పొరపాటు.

పాప నెల ముందే పుట్టింది. అద్దాల పెట్టెలో, ఒంటినిండా వైర్లతో, నా అరచెయ్యంత వీపుతో పడుకుని ఉంటే పాట్‌లక్‌లో ఆ పెద్దాయన అన్న మాటే చెవిలో గింగురుమంది. అదే ఆస్పత్రిలో పనిచేసే ప్రభావతిగారు పని మధ్యలో కిందికి దిగి వస్తే, "ఆ ఫైర్‌ప్లేస్ అక్కడ పెట్టినందుకేనేమో" అనేశాను. ఆవిడకు కోపం రావడం అప్పుడే చూశాను. "దాని సిమెంటు కూడా ఇంకా ఆరలేదు, దాన్నేం అడుగుతావు? పాప పొద్దున్న పాలు ఎంత తాగిందో నర్సుని అడిగావా?" అన్నారు. అడగలేదు. అడిగాను. నిన్నటికంటే కొంచెం ఎక్కువే తాగింది. అప్పటినుంచి రోజూ అదే అడిగాను.

ఎండాకాలంలో పాపతో కొత్త ఇంట్లో దిగాం. ఆ శీతాకాలం మంచువాన కురిసి ఊరంతా గాజుపూత పూసినట్టయింది. కొమ్మలు విరిగి కరెంటు తీగల మీద పడ్డాయి. హీటర్లు ఆగిపోయాయి. ఇంట్లో మిగిలిన వెచ్చదనమల్లా ఆ ఈశాన్యపు మూలలోనే. ఒక్కరే ఉన్నారని సుధాకర్ వెళ్ళి ప్రభావతిగారిని మా ఇంటికి తీసుకొచ్చాడు. పాపకి అప్పుడే పాకడం వచ్చింది. నిప్పు చూసిందంటే చాలు, నవ్వుకుంటూ అటే బయల్దేరేది.

సోఫా ఖాళీగా ఉన్నా ప్రభావతిగారు వెళ్ళి నిప్పు ముందున్న ఇటుక అరుగు మీదే కూర్చున్నారు. "వీపు కాలుతుందండీ, ఇటు రండి," అన్నాను. "నేను చలి మనిషిని, ఇదే బాగుంది," అన్నారు. టీ పెట్టుకుని వంటింట్లోంచి తలెత్తి చూశాను. పాప ఎడమకి పాకితే ఆవిడ అరుగు మీద ఎడమకి జరుగుతున్నారు. కుడికి పాకితే కుడికి. కొంగు నడుముకి బిగించి దోపుకున్నారు. మొహమంతా చెమట. కట్టె చిటపటమన్నప్పుడల్లా ఉలిక్కిపడి రెండు చేతులూ ముందుకి చాపుతున్నారు.

నేను టీ కప్పు పట్టుకుని దగ్గరికి వెళ్ళి, "భయంగా ఉందాండీ?" అన్నాను.

"చచ్చేంత," అన్నారు ఆవిడ, పాప మీంచి కళ్ళు తిప్పకుండా.

ఆవిడ పోయి చాలా కాలమైంది. పాపకిప్పుడు పాపలున్నారు. నా భయం నాతోనే ఉంది, వయసుతో పాటు కాస్త బలిసింది కూడా. ఎవరైనా ఫోన్ చేసి, రేపు రిపోర్టు వస్తుందనో, పిల్లాడు ఇంకా ఇల్లు చేరలేదనో చెబితే, "ఏం కాదులే" అన్న మాట నా నోటికి రాదు. కారు తీసుకుని వెళ్తాను. వాళ్ళకీ వాళ్ళ భయానికీ మధ్య ఎక్కడ చోటుందో చూసుకుని, అక్కడ కూర్చుంటాను.