కాజాలక్క విప్పలేని గౌను

కాజాలక్కకు కన్నకొడుకు పేరు గుర్తులేదు. అతను ఎదురుపడితే "కూర్చోండి సార్" అంటుంది. కానీ చేతికో చొక్కా ఇచ్చి చూడండి. కాజాలు చేత్తో కుట్టినవో, మిషను మీద కుట్టినవో కళ్లు మూసుకుని వేలితో తడిమి చెప్పేస్తుంది. ఇది చెబితే డాక్టరు "అలాగే ఉంటుందండీ" అన్నాడు. ఆయన దేనికైనా అదే అంటాడు.

ముప్పై అయిదేళ్లు ఊళ్లో సగం దర్జీల చొక్కాలు ఆవిడ ముందుగదికే వచ్చేవి. కాజాలు తీయడం, గుండీలు, హుక్కులు కుట్టడం ఆవిడ పని. ఏ బట్టకు ఏది పెట్టాలన్న విషయంలో మాత్రం ఎంతటి దర్జీనైనా నోరెత్తనిచ్చేది కాదు. పసిపిల్ల చొక్కాకి గుండీలు పెట్టమంటే "ఊడి గొంతులోకి పోతే నువ్వొచ్చి తీస్తావా?" అని దులిపేసి, బొందులు కుట్టి పంపేది. దిండు గలేబుకి టిచ్ బటన్లు పెట్టమంటే "నీ చెంప కింద పెట్టుకుని పడుకో, తెలుస్తుంది" అనేది. తిట్లు తిని కూడా అందరూ ఆవిడ దగ్గరికే వచ్చేవారు. ఆవిడ చెల్లెలూ ఆ గదిలోనే పని నేర్చుకుంది. తప్పు కుడితే స్కేలుతో వేళ్ల మీద పడేది. ఇప్పుడా చెల్లెలికి రెండు వీధుల అవతల సొంత కుట్టు దుకాణం ఉంది.

ఈ మధ్య అక్క ఉన్నట్టుండి ఒంటి మీది బట్టలు విప్పేస్తోంది. ఉక్కపోస్తుందో, గుచ్చుకుంటుందో, ఎందుకో ఆవిడకే తెలియదు. మొదటిసారి మెట్ల మీద. రెండోసారి మందుల షాపు ముందు, నలుగురూ చూస్తుండగా. షాపతను తన కోటు తీసి కప్పి తీసుకొచ్చాడు.

ఆ సాయంత్రం కొడుకు పిన్ని దుకాణానికి వచ్చాడు.

"పిన్నీ, ఇంకొక్కసారి ఇలా జరిగితే నావల్ల కాదు. వృద్ధుల హోములో చేర్చేస్తాను. అక్కడ గదికి బయట గొళ్లెం పెడతారట. నాకు మాత్రం ఇష్టమా చెప్పు? నువ్వే ఏదో ఒకటి కుట్టు. అమ్మ విప్పుకోలేనిది."

అతనేం చెడ్డవాడు కాదు. మొగుడూ పెళ్లాలిద్దరూ ఉద్యోగాలకి పోతారు. పగలు చూసుకునే మనిషి ఎంతసేపని కన్నార్పకుండా కూర్చుంటుంది? చెల్లెలు సరేనంది.

తాతకు దగ్గులు నేర్పడమంటే అదే. మొదటి గౌనుకు ముందువైపు వరసగా హుక్కులు పెట్టింది. టీ మరిగేలోగా అక్క అన్నీ విప్పి, ఒకటి వదులుగా ఉందని వంక కూడా పెట్టింది. రెండోదానికి జిప్పు వేసి, పైన పట్టీ కప్పి, పట్టీని టిచ్ బటన్లతో బిగించింది. అక్క బొటనవేలు నేరుగా పట్టీ కిందికే పోయింది. మూడోదానికి వెల్క్రో. విప్పితే చప్పుడవుతుంది, చూసుకునే మనిషికి తెలుస్తుందని ఆశ. అక్కకు ఆ చప్పుడు తెగ నచ్చింది. పొద్దుట నుంచి భోజనాల దాకా చర్రుమని తీసి, అంటించి, మళ్లీ చర్రుమనిపించింది. చెల్లెలికి నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. పేర్లూ వావివరసలూ అన్నీ తుడిచిపెట్టుకుపోయిన మనిషికి, ఈ వేళ్లలో తెలివి మాత్రం ఎందుకు మిగలాలి?

ఇక మిగిలింది ఒక్క దారి. వంగి కుట్టీ కుట్టీ అక్క కుడిభుజం ఏనాడో పట్టేసింది. చెయ్యి వెనక్కి పోదు. దర్జీలకు తెలిస్తే పని తగ్గిస్తారని ఎవరికీ చెప్పలేదు, ఒక్క చెల్లెలికి తప్ప. ఇంటిగుట్టు లంకకు చేటన్నారు. చెల్లెలు గుండీలన్నీ వీపున పెట్టింది. పప్పుబద్దలంతేసి గుండీలు, వాటికి ఒంటిచేత్తో ఊడిరాని బిగుతైన కాజాలు. కుడుతున్నంతసేపూ తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆదివారం తీసుకెళ్లి తొడిగింది. అక్క ముందంతా తడుముకుంది. పక్కలు చూసుకుంది. ఎడమచెయ్యి నడుం దాకా వెళ్లి ఆగింది. కుడిచెయ్యి ఎత్తబోయి "అమ్మా" అని దించేసింది. మళ్లీ ప్రయత్నించింది. గంటసేపు అదే.

"నిలిచింది పిన్నీ!" అన్నాడు కొడుకు. అతని కళ్లలో నీళ్లు. "ఇంకో నాలుగు కుట్టెయ్. అమ్మ మా దగ్గరే ఉంటుంది."

చెల్లెలు తలూపింది. ఇంతలో అక్క లేచి ఆమె దగ్గరికే వచ్చింది.

"అమ్మా, నువ్వు కుట్టుపని చేస్తావు కదూ? వేళ్లు చూస్తే తెలుస్తోంది. ఈ గౌను చూడు. గుండీలు వెనక పెట్టారు. తొడుక్కున్న మనిషికి అందొద్దూ? ఎవరు కుట్టారో ఏమో."



"ఎవరో కొత్తవాళ్లక్కా" అంది చెల్లెలు.

"అయితే తిట్టకు, పాపం. నెమ్మదిగా చెప్తే నేర్చుకుంటుంది. నా దగ్గరికి పంపు. ముందు ఇది కాస్త విప్పిపెట్టమ్మా, ఊపిరాడటం లేదు."

అక్క వీపు తిప్పి, మెడ మీది వెంట్రుకలు ఎడమచేత్తో పైకి పట్టుకుని, కదలకుండా నిలబడింది. చెల్లెలు మొదటి గుండీ మీద వేలు పెట్టింది. గుమ్మంలోంచి కొడుకు చూస్తున్నాడు.

"విప్పుతున్నావా అమ్మా?" అంది అక్క.

"ఆ, విప్పుతున్నానక్కా" అంది చెల్లెలు, వేలు కదపకుండా.