రెండో దెబ్బ

ల్యాబులో అందరూ ఆమెను అక్షరాలక్క అనేవారు. పొద్దస్తమానం కంప్యూటర్ తెర మీద అక్షరాల వరసలు చూడటమే ఆమె పని. కణం బయటి నుంచి వచ్చిన కబురును లోపలికి చేరవేసే ప్రొటీన్ ఒకటుంది. ఈస్టులో, ఈగలో, చేపలో, మనిషిలో దాని వరసలను ఒకదాని కింద ఒకటి పేర్చి, కోట్ల ఏళ్లయినా మారని చోట్లు ఎక్కడున్నాయో వెతికేది.

ఆ మధ్యాహ్నం ఒక చేప వరస దగ్గర ఆగిపోయింది. మిగతా అన్నిట్లోనూ లైసిన్ అనే అమైనో ఆమ్లపు అక్షరం ఉన్న చోట దానిలో ఇంకేదో ఉంది. అది మారితే ప్రొటీన్ పనే చేయదు.

"పుర్రెకో బుద్ధంటారు గానీ, నీకేమొచ్చిందే?" అని చేపను తిట్టింది.

వెనక కూర్చున్న చెల్లెలు నవ్వబోయి, పెదవి మీది కుట్లు లాగడంతో మూతి పట్టుకుంది. మొగుడు కొట్టిన దెబ్బ. అక్క గదిలో తలదాచుకుంటూ, ఒంటరిగా ఉండలేక ల్యాబుకూ వెంట వస్తోంది.

తలుపు దభాలున తెరుచుకుంది. మరిది. చేతిలో ఇనుప రాడ్డు.

"వదినా, అడ్డు రాకు. నా పెళ్లాం, నా ఇష్టం."

"దాని మీద చెయ్యి పడిందో, మర్యాద దక్కదు. బయటికి నడు."

తెర భళ్లున పగిలింది. మళ్లీ లేచిన రాడ్డు ఆమె కుడి భుజం మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు ఆమెకే వినిపించింది. వాడు చెల్లెలిని జుట్టు పట్టుకుని ఈడుస్తుంటే, గోడకున్న మంటలార్పే సిలిండర్‌ను ఎడమ చేత్తో ఊడబెరికి వాడి మోకాలి మీద మోదింది. వాడు కూలబడ్డాడు. రాడ్డు దూరంగా జారిపోయింది. అక్కడితో ఆగొచ్చు. ఆగలేదు. జుట్టు పట్టిన ఆ చేతి మీద సిలిండర్‌తో మళ్లీ మోదింది. వేళ్లు నలిగాయి. వాడి కేక వింటుంటే హాయిగా అనిపించింది. ఆ హాయికే భయపడి సిలిండర్ వదిలేసింది.

పోలీసు అడిగితే దాచలేదు. "మొదటిది ఆపడానికి సార్. రెండోది కసితో కొట్టాను."

"అలా చెప్తే మీ మీదా కేసవుతుందమ్మా."

"కానివ్వండి. జరిగింది జరిగినట్టే రాసుకోండి."

కేసయింది. వాడు జైలుకు పోయాడు. ఆమెను కోర్టు చాలాకాలం తిప్పి, మందలించి వదిలేసింది. ఈలోగా కట్టు విప్పకముందే, ఎడమ చేత్తో మౌస్ పట్టుకుని చేప వరస మూలం తవ్వింది. నమోదులో దొర్లిన తప్పే. చేపలోనూ లైసినే ఉంది.

చెల్లెలు మాత్రం కొన్నాళ్లు ముఖం చాటేసింది. నిలదీస్తే బయటపడింది: "ఆ చెయ్యి విరగ్గొట్టాల్సింది నేనక్కా. అదీ నువ్వే చేసేశావు."



అక్క కుడి చెయ్యి నేటికీ చెవి దాటి పైకి లేవదు. ఇప్పుడు వేరే గది తీసుకున్న చెల్లెలు పొద్దున్నే వచ్చి జడ వేసి పోతుంది. కాస్త గట్టిగానే లాగుతుంది. అక్క తల ఇంకాస్త వెనక్కి వంచుతుంది.