పందొమ్మిదో గడి

కత్తి పట్టకుండా, మందు రాయకుండా, ఒక చెక్క స్కేలుతోనూ నాలుగు రంగుల స్కెచ్ పెన్నులతోనూ ఒకే పూటలో పన్నెండుమంది డాక్టర్లను పడగొట్టిన ఘనత నాది. ఆ పన్నెండోదాన్ని నేనే. మద్రాసు పేరు చెన్నైగా మారిన ఏడాది జరిగిందీ ఘోరం. ఊరి పేరు మార్చినవాళ్లు శాంతి చేయించలేదని, అందుకే మాకిలా అయిందని మా అవ్వ చివరిదాకా నమ్మింది. అవ్వ నమ్మకాన్ని నేనూ చెడగొట్టలేదు. నాకేం పోయింది?

అప్పటికి హౌస్‌సర్జన్సీ ముగిసింది. పీజీ ఎంట్రన్సు పది నెలల్లో ఉంది. ఐదేళ్లపాటు చదివిన పందొమ్మిది సబ్జెక్టులను మళ్లీ మొదటినుంచి చదివి, ఒక్క పూట కూర్చుని పెన్సిలుతో సున్నాలు నింపి రావాలి. తెలివైనవాళ్లు ఆ రోజే పుస్తకం తెరిచారు. నేను వాళ్లకన్నా తెలివైనదాన్ని కదా, పుస్తకం పక్కన పెట్టి టైంటేబులు గీయడానికి కూర్చున్నాను.

ఐదు వారాలు గీశాను. నవ్వకండి, తాజ్‌మహల్‌కి ఇంకా ఎక్కువ పట్టింది. రోజుకొక పేజీ. పేజీకి పదిహేను గళ్లు. స్నానానికి పన్నెండు నిమిషాలు. జుట్టు ఆరేలోపు బయోకెమిస్ట్రీ. సాంబారన్నానికీ మజ్జిగన్నానికీ మధ్య చర్మరోగాలు. ఆదివారం సాయంత్రం ఆరుంబావు నుంచి ఆరున్నర దాకా "సంతోషం" అని ఆకుపచ్చ రంగులో రాసుకున్నాను. మొదటి పేజీలో సబ్జెక్టుల పట్టిక వేసి ఎంచితే పందొమ్మిది వచ్చింది. మళ్లీ ఎంచాను, పందొమ్మిదే. మూడోసారీ పందొమ్మిదే. ఇంత కచ్చితమైన మనిషి పీజీ చేయకపోతే దేశానికే నష్టం అనిపించింది.

మా నాయనకు ఊళ్లోనే, చూలై అనే పేటలో బైండింగు షాపుండేది. షాపు ముందు, ఇల్లు వెనకాల. మా ఇంట్లో అన్నం వాసనా మైదా జిగురు వాసనా విడదీయడం ఎవరి తరమూ కాదు. నేను గీసిన కాగితాలు చూసి నాయన కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"ఇది ఊరికే పెట్టేదిగాదమ్మే. కుట్టి ఇస్తా ఇయ్యి" అన్నాడు.

ఎర్ర క్యాలికో అట్ట, చర్మం మూలలు, వీపు మీద బంగారు అక్షరాల్లో నా పేరు, పేరు చివర డిగ్రీ. షాపుకొచ్చిన ప్రతివాడికీ చూపించేవాడు.

"లోకంలో అందురూ చదివేసిన పుస్తకాన్ని బైండు చేపిస్తారు. మా సుగుణ చదవకముందే చేపించింది, చూడండి!"

పొగడ్తో తిట్టో తెలియక వచ్చినవాళ్లు తలూపేవాళ్లు. అవ్వకు మాత్రం సందేహమే లేదు. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అంది.

"చూలు లేకపోతే ఏమవ్వా, చూలై ఉందిగా" అన్నాను. ఆ రోజుల్లో నాకు ప్రతిదానికీ జవాబుండేది. పరీక్షలో వచ్చిన ప్రశ్నలకు తప్ప.

ఆ ఎర్ర పుస్తకాన్ని నా దగ్గరే ఉంచుకుని ఉంటే నష్టం ఒక్క ప్రాణంతో పోయేది. సరళ చూసింది. సరళ నా క్లాస్‌మేటు. కోడంబాక్కంలో ఉండేది. వాళ్ల నాన్న సినిమావాళ్లకు బట్టలు కుట్టేవాడు. పిల్లల డాక్టరు కావాలని తనకు చిన్నప్పటినుంచీ ఆశ.

"ఏమే, నాకూ ఒక కాపీ ఇయ్యవే. నేను ఏడ మొదలుపెట్టాలో తెలీక నెల్నాళ్లుగా ఫ్యాను కింద ఊరికే కూసోనుండా" అంది.

సరళకు ఇచ్చాక సరళ స్నేహితురాలికి ఇవ్వకుండా ఉండగలమా? ఆమె అన్న స్నేహితుడికి? రెండు వారాలు తిరిగేసరికి ప్రతి ఆదివారం ఉదయం మా షాపు ముందు పదకొండుమంది డాక్టర్లు. పుస్తకం మొత్తం ఇస్తే నన్నెవరు చూస్తారు? అందుకని వారానికి సరిపడా ఏడు పేజీలే జెరాక్సు తీయించి, గుళ్లో తీర్థం ఇచ్చినట్టు తలా ఒక కట్ట ఇచ్చేదాన్ని. వచ్చే వారం పేజీ ఈ వారం చూడకూడదని ఒక నియమం కూడా పెట్టాను. ఎందుకని అడిగితే "మనసు చెదురుతుంది" అనేదాన్ని. అప్పుడు నా గొంతు వింటే ఏ స్వామీజీ అయినా కాళ్లు చాచి కూర్చునేవాడు, ఇక తనకు పనిలేదని.

ఆ పదకొండుమందిలో ప్రభాకర్ ఒకడు. గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ చదివినవాడు. లెక్క అడగందే ఇడ్లీ కూడా తినడు.

"ఏవండీ సుగుణగారూ, అన్ని సబ్జెక్టులూ వచ్చాయంటారా ఇందులో? ఒక్కసారి మొత్తం చూపించొచ్చు కదా?" అన్నాడు ఆరో నెలలో.

"మూడుసార్లు ఎంచాను. పందొమ్మిది ఉన్నాయి."

"ఎంచారు సరే. పేర్లు చదివారా అని."

"నమ్మకం లేకపోతే మానెయ్యండి."

మిగతా పదిమందీ ప్రభాకర్‌ని ఎలా చూశారంటే పాపం, అతను నా చేతిలోంచి కట్ట తీసుకుని కళ్లకద్దుకున్నంత పని చేశాడు. 

ఇంతకీ నేను చదివానా అని అడుగుతారేమో. చదివాను. కానీ ఆదివారం పంచడంతో పోయేది. సోమవారం "జ్వరమొచ్చి రెండ్రోజులు పోయాయి, ఏం చేయమంటావు?" అని ఒకరొచ్చేవారు. వాళ్లకు విడిగా జ్వరం టైంటేబులు గీయాలి. మంగళవారం ఒకతనికి పెళ్లిచూపులు. అవి ఏ గడిలో సర్దాలి? సైకియాట్రీలో సర్దాను.

పరీక్ష రోజొచ్చింది. అప్లికేషన్లు అందరం కలిసి ఒకే రోజు ఇచ్చాం కాబట్టి హాల్లో వరసగా పడ్డాం. నా ముందు ప్రభాకర్, వెనక సరళ, అటూ ఇటూ నా భక్తబృందం. పేపరు ఇచ్చారు. మొదటి ప్రశ్నలు వెన్నలా ఉన్నాయి. గర్వంగా సున్నాలు నింపుతూ పోయాను.

కాసేపటికి ఒక ప్రశ్న తగిలింది. ఇంత లోతున్న బావికి ఎంత బ్లీచింగ్ పౌడరు వేయాలి? ఇదేమిటి, మునిసిపాలిటీ పరీక్ష కాగితం పొరపాటున కలిసిందా అనుకున్నాను. తరవాతి ప్రశ్న, ఫలానా దోమ నీటిమీద గుడ్లు ఏ ఆకారంలో పెడుతుంది? ఆ తరవాత మరుగుదొడ్డి గొయ్యికీ మంచినీళ్ల బావికీ మధ్య ఎంత దూరం ఉండాలి? టీకా మందు ఎంత చల్లగా దాచాలి? ఒకటి కాదు రెండు కాదు, పేజీ తిప్పితే ఇంకో పేజీ.

ప్రివెంటివ్ అండ్ సోషల్ మెడిసిన్! నీళ్లూ దోమలూ టీకాలూ జనాభా లెక్కలూ. కాలేజీలో మేమందరం వెనక బెంచీల్లో నిద్రపోయిన సబ్జెక్టు. ఏ వారం ఏ కట్టలోనూ నేను పంచని సబ్జెక్టు.

డెస్కు కింద వేళ్లు మడిచాను. అనాటమీ ఒకటి, ఫిజియాలజీ రెండు... పద్దెనిమిది దగ్గర నా పట్టికలో సబ్జెక్టులు అయిపోయాయి. మరి పందొమ్మిదో గడిలో ఏం రాశాను? ఎర్ర రంగులో, అందరికన్నా అందంగా, కింద రెండు గీతలు గీసి మరీ రాశాను: "రివిజన్".

తలెత్తాను. ప్రభాకర్ మెడ మెల్లగా వెనక్కి తిరుగుతోంది. కుడివైపు ఒక మెడ. ఎడమవైపు ఇంకో రెండు. సరళ చూపు నా వీపును కాలుస్తోందని తిరిగి చూడకుండానే తెలిసింది. పర్యవేక్షకుడు వచ్చి నా డెస్కు దగ్గర నిలబడ్డాడు.

"ఎన్నమ్మా, ఎల్లారుం ఏన్ ఉన్నయే పాక్కరాంగ? ఆన్సర్ కుడుక్కిరియా?" అందరూ నిన్నే చూస్తున్నారే, ఆన్సర్లు చెబుతున్నావా అని.

"ఇల్ల సార్" అన్నాను. చెప్పలేదనే చూస్తున్నారు సార్ అని పైకి అనలేకపోయాను.

బయట టీకొట్టు దగ్గర పంచాయితీ జరిగింది. ఎవరూ అరవలేదు. అరిచినా బాగుండేది.

"రివిజన్ అనేది ఒక సబ్జెక్టాండీ?" అని అడిగాడు ప్రభాకర్, చాలా మర్యాదగా. "ఏ కాలేజీలో ఉందా డిపార్టుమెంటు? వార్డు ఏ అంతస్తులో?"

సరళ టీ తాగలేదు. గ్లాసు అలాగే పెట్టేసి బస్సెక్కి వెళ్లిపోయింది. అది నాకు బ్లీచింగ్ పౌడరు కన్నా ఘాటుగా తగిలింది.

సంగతి చూలైకి నాకన్నా ముందే చేరింది. నాయన ఎర్ర పుస్తకం ఒళ్లో పెట్టుకుని కుట్లు వేలితో తడుముతున్నాడు.

"ఒక మడత ఫారం జారిపోయినట్టుంది. పేజీలు మడిచేటప్పుడు నేనే ఏడనో పోగొట్టినా. వయసయిపోతా ఉంది గదమ్మే" అన్నాడు.

ఇక్కడ నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. నోరు మూసుకున్నాను. రెండు రోజులు మూసుకున్నాను. ఆ రెండు రోజులూ ఆయన వచ్చిన ప్రతివాడితోనూ "తప్పు నాదే సార్, బైండింగులో పోయింది" అని చెబుతుంటే లోపల కూర్చుని విన్నాను. మూడో రోజు పొద్దున ఓర్చుకోలేక వెళ్లి, "నాయనా, పేజీ పోలేదు. నేనే రాయలేదు" అన్నాను.

నాయన జిగురు కలుపుతూ తల కూడా ఎత్తలేదు. "నాకు తెలీదా ఏంది? ముప్పై ఏండ్లుగా కుడతా ఉండా. ఫారాలు ఎంచకుండా ఒక్క పుస్తకం కుట్టినానా? నువ్వు ఎన్ని దినాలకు చెప్తావో అని చూస్తా ఉండా. రెండు దినాలు. పరవాలేదు పో."

ఆ ఊపులోనే కోడంబాక్కం వెళ్లాను. సరళ వాళ్లమ్మకు ఏమీ తెలియదు. నా ముందు నాలుగు దోసెలు పెట్టి, "తిను పాపా, చిక్కిపోయినావు, ఎంత చదివినావో ఏమో" అంది.  ఆమె లోపలికి వెళ్లగానే ఏడుపు మొదలుపెట్టాను.

 సరళ కిసుక్కున నవ్వింది.

"ఏడిస్తే దోసె మెత్తబడిపోతాది, ముందు తిను. నాకూ కోపమొచ్చింది. రెండు దినాలు నిన్ను తిట్టుకున్నా. నిన్న తోచింది నాకు. నువ్వు ఒకటి మరిచినావు సరే. మేం పదకొండు మంది డాక్టర్లం, ఎనిమిది నెలలు! ఒకరికన్నా గుర్తొచ్చిందా? ఇంక మన చేతికి పేషెంట్లను ఎట్ల ఇస్తారే?"

ఆ ఏడాది మా పన్నెండుమందిలో ఒక్కరికీ సీటు రాలేదు. మరుసటి ఏడాది సరళ ఏ గీతలూ లేకుండా, చేతికి దొరికిన పుస్తకం చదువుకుంటూ పోయి పిల్లల వైద్యంలో సీటు తెచ్చుకుంది. ప్రభాకర్‌కి సర్జరీ వచ్చింది. లెక్క పెట్టి కుట్లు వేసే పని, అతనికి తగినదే. నేను ఆ ఏడాదంతా భయంతో దోమలనూ బావులనూ తప్ప మరేమీ సరిగ్గా చదవలేదు. నా ర్యాంకు వచ్చేసరికి కౌన్సెలింగులో ఒకే ఒక్క సీటు మిగిలింది. ఏ సబ్జెక్టులోనో మీరు ఊహించే ఉంటారు. నన్ను మరచిపోతావా అని అది ఏడాదిపాటు కాచుకుని కూర్చుంది.

మొదటిరోజు డిపార్టుమెంటుకి వెళితే ప్రొఫెసరుగారు ఆప్యాయంగా కుర్చీ చూపించారు. సొరుగులోంచి ఒక పెద్ద చార్టూ స్కేలూ తీసి నా ముందు పెట్టారు.

"కొత్తగా చేరినవాళ్లకు ఇక్కడ మొదటి పని ఇదేనమ్మా. ఈ ఏడాది క్లాసుల టైంటేబులు. జాగ్రత్త, ఏ సబ్జెక్టూ విడిచిపెట్టకూడదు."

"సార్, మీకెవరు చెప్పారు?" అన్నాను లేచి నిలబడి.

"ఏం చెప్పడం?"

"ఏం లేదు సార్."

ఆ రోజు ఆ స్కేలు మీద చేయి వేసి చేసిన ప్రమాణం ఇది. చుట్టూ గోడలకున్న దోమల పటాలన్నీ సాక్ష్యం. ఈ జన్మలో మరొకరి రోజులకు నేను గళ్లు గీయను. గీయక తప్పకపోతే ఎంచను. ఎంచక తప్పకపోతే, ఒక్కొక్క పేరూ గొంతెత్తి చదువుతాను. అప్పటికీ లెక్క సరిగ్గా వచ్చిందంటే మాత్రం, ఆ కాగితం అక్కడికక్కడే చించేసి గుంటూరు ప్రభాకర్‌కి కబురు చేస్తాను.