బిషప్పు కుర్చీలో మా అవ్వ

కళ్యాణదుర్గం దాటాక, మెట్ట పొలాల నడుమ ఉన్న మా ఊళ్లో ఒక రాతి చర్చి ఉంది. దాన్ని కట్టించిన తెల్లదొర తన దేశం నుంచి నమూనా తెచ్చుకున్నాడు గానీ, ఇక్కడి ఆకాశం వైపు ఒక్కసారి తలెత్తి చూసినట్టు లేడు. వాన, మంచు గబగబా జారిపోవాలని కప్పును బాగా ఏటవాలుగా వేయించాడు. ఆ నీళ్లు దూకడానికి చూరు మూలల్లో నోళ్లు తెరిచిన రాతి సింహాలను పెట్టించాడు. మా ఊళ్లో పడే నాలుగు చినుకులు వాటి నాలుకలు తడపడానికి కూడా చాలేవి కావు. నా చిన్నప్పుడు ఒక సింహం నోట్లో పిచ్చుకలు కాపురం పెట్టాయి.

లోపల కప్పు మోసే లావుపాటి రాతి కంబాలు. కిటికీలు, గుమ్మాలు, కమానులు అన్నీ పైన మొనదేలి ఉంటాయి. బలిపీఠం వెనక రంగుటద్దాల్లో గొర్రెల కాపరిగా క్రీస్తు, మోకాలెత్తు పచ్చగడ్డి, పొట్టలు ఉబ్బిన గొర్రెలు. మా పక్కింటి మామ గొర్రెలు మేపేవాడు. ఒక క్రిస్మస్‌కు కేకు కోసం వచ్చి, ఆ అద్దాల కింద నిలబడి, "ఇంత మేత యాడుండాదో అడిగి చెప్పప్పా, రేపే తోలుకొని పోతా" అన్నాడు మా నాయనతో. నాయన నవ్వలేదు. చర్చి విషయంలో ఆయనకు నవ్వు రాదు.

నాయన సంఘపెద్ద. శనివారం సాయంత్రం మెత్తని గుడ్డ, కొబ్బరినూనె తీసుకుని బిషప్పు కుర్చీ తుడవడానికి వెళ్లేవాడు. అది బలిపీఠం పక్కన, మూడు మెట్ల పైన, జనం వైపు తిరిగి ఉండేది. నల్లబడిన టేకు. వీపు ఆనించే పలక కూడా కిటికీల్లాగే మొనదేలి, దాని నిండా ద్రాక్షగుత్తులు చెక్కి ఉంటాయి. బిషప్పుగారు ఏ రెండు మూడేళ్లకో ఒకసారి వచ్చి కూర్చునేవారు. మిగతా కాలమంతా అది తెల్లగుడ్డ కప్పుకుని ఖాళీగా ఉండేది.

కుర్చీ సంగతి అలా ఉంటే బెంచీల సంగతి ఇంకొకటి. దొర రెండు వైపులా బెంచీలు వేయించాడట. ఆడవాళ్లు బెంచీ ఎక్కడం మర్యాద కాదని మా పెద్దలు వాటన్నిటినీ కుడివైపు మగవాళ్లకు జరిపించారు. ఎడమవైపు ఆడవాళ్లకు జంఖానా పరిచారు. దేవుడు ఏమనుకున్నాడో ఎవరూ అడగలేదు.

నేను డిగ్రీ చదివే రోజుల్లో, రెండు వేల సంవత్సరం దాటాక, నాయన తల్లికి, అంటే మా అవ్వకు మోకాళ్లు పట్టేశాయి. కింద కూర్చుంటే లేపడానికి ఇద్దరు కావాలి.

"ఇంట్లోనే ప్రార్థన చేసుకోమ్మా. దేవుడు ఈడ లేడా?" అన్నాడు నాయన.

"ఈడనే ఉంటే నువ్వెందుకురా ఆడికి పోతాండావు?" అంది అవ్వ.

వారమంతా మంచం మీద పడి ఉండే ఆమెకు ఆదివారం ఒక్కటే సొంతం. అదీ పోతే మంచమూ గోడా మిగులుతాయని నాకు నిజంగా దిగులు వేసింది.

ఆ ఆదివారం నేను పాటలు పాడే వాళ్లతో ముందు వరుసలో, హార్మోనియం పక్కన ఉన్నాను. అవ్వ కర్ర టకటకలాడించుకుంటూ నడవ మధ్యలోంచి వచ్చింది. జంఖానా దాటింది. మూడు మెట్లు ఎక్కింది. కుర్చీ మీది తెల్లగుడ్డ తీసి, మడిచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నాయన పరుగున వచ్చాడు.

"అమ్మా, దిగు. అది బిషప్పుది."

"ఆయప్ప వచ్చినాడా?"

"రాలేదు."

"వచ్చినప్పుడు దిగుతాలే."

కొత్తగా వచ్చిన పాస్టరు అయ్యగారికి ఏం చేయాలో తోచక పాట ఎత్తుకున్నారు. నవ్వు ఆపుకోలేక నాకు రెండు చరణాలు పోయాయి.

ఆ తరువాత ప్రతి ఆదివారం అదే తంతు. వీపులో ద్రాక్షలు గుచ్చుకుంటున్నాయని అవ్వ పాత చీరలతో కుట్టిన బొంత ఒకటి తెచ్చుకుని కుర్చీలో పరుచుకుంది. అక్కడ్నించి ఆమెకు అందరూ కనిపించేవారు. ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర ఒక్కొక్కరినీ పట్టుకునేది. "ఏమప్పా, అయ్యగారు నోరు తెరవకముందే గురక పెడితివే!" మగవాళ్ల వైపు కునికిపాట్లు ఆగిపోయాయి. పాస్టరుగారు లోలోపల మురిసిపోయారు. మిగతా పెద్దలు మాత్రం నాయనను నిలదీశారు. "అమ్మను దించుతావా, పెద్దరికం నుంచి నువ్వే దిగుతావా?"

అంతలో బిషప్పుగారు వస్తున్నారని కబురు వచ్చింది. నాయనకు అన్నం సయించలేదు. అవ్వ మాత్రం మాటకు కట్టుబడింది. ఆ రోజు కుర్చీ జోలికి పోకుండా, గుమ్మం దగ్గరి బాప్తిస్మపు రాతితొట్టి అరుగు మీద ఒదిగి కూర్చుంది. బిషప్పుగారు కుర్చీలో కూర్చున్నారు. ఆరాధన చివర లేచి, తాను కూర్చున్న తెల్లగుడ్డ ఎత్తి చూసి, నాయన కంగారులో తీయడం మరిచిన ఎర్రచీర బొంతను తడిమారు.

"ఈ కుర్చీ ఇంత మెత్తగా ఎప్పుడూ లేదే. ఎవరిదమ్మా ఈ బొంత?"

వెనక నుంచి అవ్వ గొంతు ఖంగుమంది. "నాదే అయ్యా. పోయేటప్పుడు ఆడనే పెట్టిపో."

నాయన కళ్లు మూసుకున్నాడు. బిషప్పుగారు పడీపడీ నవ్వారు. సంగతి విని, "పెద్దామెకు ఒక బెంచీ వేయలేరా అప్పా మీరు?" అని పెద్దలను మందలించి వెళ్లారు.

మరుసటి ఆదివారానికి ఎడమవైపు ఒక బెంచీ వచ్చింది. నాయన స్వయంగా నూనె రాసి, బొంత మడిచి దాని మీద వేశాడు. గండం గడిచినట్టు ఆయన ముఖం వెలిగిపోతోంది. అవ్వ బెంచీని ఒకసారి చూసి, బొంత తీసి చంకలో పెట్టుకుంది.

"మళ్లీ ఏమైందిమ్మా? మోకాళ్లకు ఇది చాలదా?" అన్నాడు నాయన.

"మోకాళ్లదేముందిలేరా" అంది అవ్వ. "పెండ్లయి ఈ ఊరికి వచ్చినప్పటి నుంచి ఈడనే కూచున్నా. అయ్యగార్లు ఎందరో మారిపోయినారు. అందరి గొంతూ విన్నా. ఒక్కరి మొగమూ చూళ్లేదు. ఈ కంబం ఒక్కటే చూసినా."

చర్చిలో ప్రతి రాయీ తెలిసిన నాయన, ఆడవాళ్ల వైపు ఎన్నడూ కూర్చోలేదు. వెళ్లి ఆ బెంచీ మీద కూర్చున్నాడు. తల ఇటు వంచాడు, అటు వంచాడు. ఎటు వంచినా రాతి కంబమే అడ్డం. పంచె దులుపుకుని లేచాడు. పెద్దలందరూ చూస్తుండగా అవ్వ చంకలోని బొంత అందుకుని, రెండో చేత్తో ఆమె మోచేయి పట్టుకుని, మూడు మెట్లూ ఎక్కించాడు.