బలం మాత్రల సీసా

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. పన్నెండేళ్ళ క్రితం అమలాపురం ఆసుపత్రిలో పిల్లల డాక్టరుగారి బల్ల మీద ఆ కాగితం పెట్టింది నేనే. సంగతంతా రక్తపరీక్షలో బయటపడిందనే మా అమ్మ ఈనాటికీ నమ్ముతోంది, నేనూ నమ్మనిచ్చాను. నలుగురిలో నోరు విప్పడం నాకు చిన్నప్పటినుంచీ చేతకాదు. చెప్పవలసినవన్నీ డైరీలో రాసేసుకుని తలుపు చాటున పుస్తకం పట్టుకు కూర్చునే మనిషిని. కానీ మొన్న మందుల షాపులో చూసినది డైరీలో రాసుకుంటే చల్లారే కోపం కాదు.

నెలలు నిండిన ఒక అమ్మాయి, పక్కన అత్తగారో తల్లిగారో ఒక పెద్దావిడ. చీటీ చూసి షాపతను మాత్రల షీటు ఇవ్వబోతే ఆవిడ గొంతు తగ్గించి, "షీటుతో వద్దు బాబూ, ఊడదీసి పొట్లం కట్టిచ్చెయ్. ఇంటినిండా చుట్టాలున్నారు," అంది. అతను ఆ అమ్మాయి కడుపు వైపు కూడా చూడకుండా, చిటుక్కు చిటుక్కుమని మాత్రలు కాగితంలోకి నొక్కాడు. ఆ చప్పుడు నాకు బాగా తెలుసు. ఇరవయ్యేళ్ళ వయసులో నెలనెలా నా బొటనవేలి కింద మోగిన చప్పుడు అది.

మా అక్కని కోనసీమలోనే నగరం అనే ఊరికి ఇచ్చారు. బావగారు కువైట్‌లో పని చేసేవారు. మొదటిసారి కడుపు ఐదో నెలలో పోయాక అక్క మాటలు మానేసింది. మా ఊరు ముక్తేశ్వరం తీసుకొచ్చేస్తే తల దువ్వుకోదు, కంచం ముందు కూర్చుని అన్నం కెలికి లేచిపోతుంది. నాన్నగారు గోదావరి మీద కోటిపల్లి రేవు దాటించి కాకినాడలో మనసు జబ్బుల డాక్టరుకి చూపించారు. వీధిలో మాత్రం కళ్ళజోడు కోసమని చెప్పాం. తిరిగొచ్చాక ఎదురింటి పిన్నిగారు, "కళ్ళజోడేదే అమ్మాయీ, కాకినాడ దాకా వెళ్ళి చేతులూపుకుంటూ వచ్చేసేవు?" అని అడిగేసరికి, అమ్మ మర్నాడే అమలాపురం వెళ్ళి పవరు లేని అద్దాలు కొని అక్క ముక్కు మీద పెట్టింది. అక్క అవి పెట్టుకునే తిరిగింది, అత్తవారింట్లో కూడా. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది, నవ్వు పూర్తికాకుండానే ఒళ్ళు మండుతుంది.

మాత్రలు పనిచేశాయి. ఈ మాట నొక్కి చెప్పాలి, ఎందుకంటే తరవాత అందరూ తిట్టింది వాటినే. రెండు నెలలు తిరక్కుండా అక్క జడ వేసుకుంది, నా చేతిలో పుస్తకం లాక్కుని చదివింది, నగరం వెళ్ళింది. అయితే అక్కడ ఆ మందు పేరు ఎవరి కంటా పడకూడదు. పెద్దదానికి పిచ్చని పేరు పడితే చిన్నదానికి, అంటే నాకు, సంబంధాలు రావని అమ్మ బెంగ. అందుకని షీట్లలోంచి మాత్రలు నొక్కి, ఖాళీ అయిన బలం మాత్రల సీసాలో పోసి పంపేవాళ్ళం. ఆ పని నాదే. (ఆ సంబంధాలు ఒక్కటీ కుదరలేదు, అది వేరే సంగతి.) నోరు తిరగని ఆ పేరు వింతగా ఉందని డైరీలో రాసుకున్నాను. కాలేజీ లైబ్రరీ డిక్షనరీలో వెతికితే దొరకలేదు.

బావగారు సెలవు మీద వచ్చి వెళ్ళాక అక్కకి మళ్ళీ నెల తప్పింది. ఈ మాత్రలు ఇప్పుడు కూడా వేసుకోవచ్చా అని కాకినాడ డాక్టరుగారిని అడగాలని మాలో ఎవరికీ తోచలేదు. పాత చీటీ చూపిస్తే షాపులో మందు ఇచ్చేవారు, మేం తెచ్చుకునేవాళ్ళం. ఏడో నెలలో అక్క పురిటికి వచ్చినప్పుడు పెట్టెలో చీరల మధ్య ఆ సీసా కూడా వచ్చింది. నొప్పులు మొదలై ఆసుపత్రిలో చేర్చిన రోజు నర్సు, "మందులేవైనా వాడుతున్నారాండీ?" అని అడిగితే అమ్మ తడుముకోకుండా, "అబ్బే, బలం మాత్రలేనండి," అంది. సీసా ఉన్న సంచీ నా చేతిలోనే ఉంది. అక్క పళ్ళు బిగించి నా వైపు చూసింది. చెల్లెలి గొంతు కొయ్యకు అని అమ్మ అప్పటికే అక్క చేత ఒట్టు వేయించుకుంది మరి.

పాప పుట్టింది. సాయంత్రానికి గడ్డం వణకడం మొదలైంది, మర్నాటికి చేతులూ కాళ్ళూ. కీచుమని ఆగని ఏడుపు, రొమ్ము పట్టదు, డొక్కలెగరేస్తూ ఊపిరి. ఇన్ఫెక్షనేమో, ఒంట్లో చక్కెర పడిపోయిందేమో అని పరీక్షల మీద పరీక్షలు చేశారు. ఆ బుల్లి మడమల్లో సూది గుచ్చి బొట్టు బొట్టుగా రక్తం తీస్తుంటే, సంచీ గుండెలకు హత్తుకుని నేను వరండాలో నిలబడ్డాను. రెండు రోజులు అలాగే నిలబడ్డాను.

మూడో రోజు అక్క అత్తగారు నగరం నుంచి వచ్చారు. ఆవిడ మాట వెన్నలా ఉంటుంది. "మా ఇంటావంటా లేదండీ వదినగారూ ఇలా వణకడం. ఇది పక్షిదోషమేనండి, ఏ పక్షి నీడో పడుంటుందండి. మావైపు తాయెత్తు కట్టే ఆయనున్నారు, కారు కూడా చెప్పేసేనండి. ఇంకా ఎన్ని సూదులు పొడిపిస్తారండీ పసిగుడ్డుని?" సంగతంతా తెలిసిన మా అమ్మ, ఆ సీసా నింపించిన మా అమ్మ, తల వంచుకుని, "ఆయ్, మీ ఇష్టమండి," అంది. అక్క లేవబోయి, "పాపని కదపద్దమ్మా, చెప్పెయ్యవే అమ్మా," అని ఏడిస్తే, "పచ్చి బాలింతవి, నువ్వూరుకో," అని దుప్పటి కప్పింది. ఊపిరి సరిగా అందని బిడ్డని కారులో కుదుపుకుంటూ తీసుకుపోయినా ఫరవాలేదు, సీసా సంగతి బయటపడకపోతే చాలు. ఆ "ఆయ్" తలచుకుంటే నాకు ఇప్పటికీ దవడలు బిగుసుకుంటాయి.

డైరీలో ఆ మందు పేరు రాసుకున్న కాగితం చింపాను. పిల్లల డాక్టరుగారి గది ముందు వరసలో నిలబడి, వంతు రాగానే బల్ల మీద పెట్టాను. ఆయన చదివి, "ఎవరు వేసుకుంటున్నారమ్మా ఇది?" అన్నారు. అక్కండి, అన్నాను. ఎన్నాళ్ళనుంచి అంటే, మొదట్నుంచీనండి, అన్నాను. అంతే నా ధైర్యం. తల్లి ఒంట్లోని మందు బిడ్డకీ చేరుతుందనీ, పుట్టాక అది అందకో, ఒంట్లో మిగిలింది ఇంకా తీరకో కొందరు పసివాళ్ళు ఇలా వణుకుతారనీ, పాలు తాగరనీ, ఆయాసపడతారనీ, ఆసుపత్రిలోనే ఉంచి కనిపెట్టుకుంటే చాలామందికి కొద్ది రోజుల్లో సర్దుకుంటుందనీ చెప్పారు. ఆ వెంటనే వార్డులోకి వచ్చి, ఎలా తెలిసిందో చెప్పకుండా, అమ్మతో అన్నారు: "మాత్ర కాదమ్మా నన్ను భయపెట్టింది. బలం మాత్రలేనండి అన్నారట, అదీ." బెదిరిపోయి ఆ మందు ఒక్కసారిగా మాన్పిస్తే తల్లికి ప్రమాదమనీ, కాకినాడ డాక్టరుతో తానే మాట్లాడతాననీ అన్నారు.

కారు ఖాళీగా వెళ్ళిపోయింది. అత్తగారు మాత్రం, "అయితే మందులు మింగి మా పిల్లని ఇలా చేసిందన్నమాట," అన్నారు. అంతసేపూ పక్షి మీద ఉన్న నింద అక్క మీద పడింది. కడుపొస్తే ముందు నాకు చెప్పండని అనని కాకినాడ డాక్టరుని ఎవరూ ఏమీ అనలేదు, పాత చీటీకి మందిచ్చిన షాపునీ అనలేదు, అమ్మనీ నన్నూ అనలేదు. ఎనిమిదో రోజుకి పాప వణుకు తగ్గి రొమ్ము పట్టింది. అప్పుడు కూడా ఆవిడ తాయెత్తు తెప్పించి కట్టారు, దానివల్లే తగ్గిందని ఊరంతా చెప్పారు.

ఇప్పుడు పాప ఆరో తరగతి, కువైట్‌లో. ఊళ్ళో ఇంటింటికీ ఫోనుంది, టీవీలో డాక్టర్లు కూర్చుని మనసు జబ్బుల గురించి దాపరికం లేకుండా మాట్లాడుతున్నారు, రేవు దాటకుండానే అన్ని మందులూ దొరుకుతున్నాయి. చిటుక్కుమనే ఆ చప్పుడు మాత్రం మానలేదు. మొన్న షాపతను పక్కన పడేసిన ఖాళీ షీటు నేను తీసుకుని, మెట్లు దిగుతున్న ఆ అమ్మాయి చేతిలో పెట్టి, "పారెయ్యకండి, పురిటి డాక్టరుగారికి చూపించండి," అన్నాను. పెద్దావిడ, "నీకెందుకమ్మా మా ఇంటి గొడవ?" అంది. అమ్మాయి షీటు మడిచి జాకెట్లో దాచుకుంది.

నాకెందుకో నాకు తెలుసు. ఆ ఏడు ఐదో నెల పాపని ఎత్తుకుని అక్క నగరం బస్సెక్కబోతూ ఆ పవరు లేని అద్దాలు తీసి నా చేతిలో పెట్టింది. అంతకు ముందురోజే పాపని చూపించడానికి ఆసుపత్రికి వెళ్ళి, డాక్టరుగారి ఫైలులో గుచ్చి ఉన్న కాగితం చూసిందట. వారం వారం ఫోను చేస్తుంది గానీ, ఆ సంగతి మీద అక్క నాతో అన్న ఆఖరి మాటలు ఇవే:

"నీ రాత నేను గుర్తుపట్టలేననుకున్నావేంటే? మంచి పని చేసేవు. కానీ ఆ ముక్కేదో మొదటి రోజే నోటితో చెప్పుంటే, దాని మడమలకి అన్ని సూదులు తప్పేవి కదే."