ఒబ్దులియా పడేసిన కత్తి

మా చుట్టల కార్ఖానాలో చప్పట్లు కొట్టరు. మేం పని చేస్తుంటే ఎత్తుబల్ల మీద కూర్చుని దోన్ అన్సెల్మో చదివి వినిపించే నవల నచ్చితే, చుట్టలు చుట్టే మేమంతా ఆకు కోసే కత్తులతో బల్లల మీద టకటకా కొడతాం. నచ్చకపోతే కత్తి నేల మీద పడేస్తాం. ఒక్క కత్తి పడినా ఆయన చదవడం ఆపి, ఎందుకు పడేశావని అడగాలి. మా కబైగ్వాన్ ఊళ్ళో తాతల నాటి నుంచీ ఇదే కట్టుబాటు.

ఒబ్దులియాకి కత్తి లేదు. ఆమెది ఆకుల్లోంచి ఈనెలు లాగే పని. అది ఆడవాళ్ళ పని. దానికి వేళ్ళు చాలు. ఆమె పీట సరిగ్గా నా వెనక. నలభై దాటిన మనిషి, చదువు రాదు. నేనూ బడికి వెళ్ళలేదు. చుట్టల పెట్టెల మీద అంటించే రంగుకాగితాల్లోని అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్నాను. తరవాత చేతికి దొరికిందల్లా చదివాను. చదివినకొద్దీ ఈ ఊరి మీదా నా మీదా రోత పెరిగింది తప్ప ఒరిగిందేమీ లేదు.

ఆ వానాకాలం కొత్త నవల మొదలైంది. అందులో ఒక పెద్దింటాయన. పెళ్ళాం ఏ రంగు బట్ట కట్టాలో, ఎవరితో మాట్లాడాలో ఆయనే చెబుతాడు. తను మాత్రం వారాల తరబడి ఎక్కడికి పోతాడో చెప్పడు. “నన్నేమీ అడగొద్దు” అంటాడు. ఆ మాట వచ్చినప్పుడల్లా కత్తులు మోగేవి.

“మగాడంటే వాడ్రా!” అన్నాడు నా పక్కబల్ల తిబుర్సియో. “అదే మాట మా ఇంట్లో నేనంటే అది చీపురు తీస్తుంది.”

“తీసి నీ చేతికే ఇస్తుంది కదా మావా, ఊడవమని!” వెనక వరసలోంచి ఒకామె అంది. హాలంతా గొల్లుమంది.

ఒబ్దులియా నవ్వలేదు. ఆమె ఇంట్లోనూ అలాంటి మొగుడే ఉన్నాడు. పేరు ఫౌస్టినో, పొగాకు లారీ నడుపుతాడు. పదకొండేళ్ళుగా ఎప్పుడొస్తాడో ఎప్పుడు పోతాడో తెలీదు. అక్క ఇంటికి వెళ్ళొద్దన్నాడు, మానేసింది. గుమ్మంలో కూర్చోవద్దన్నాడు, కుర్చీ లోపలికి లాగేసింది. సాయంత్రం మా వీధి వీధంతా గుమ్మాల్లో ఊగుడుకుర్చీలేసుకుని కూర్చుంటే, ఆమె తలుపు సందులోంచి దీపం వెలుగు మాత్రం కనిపించేది.

కాఫీ వేళ నన్ను పక్కకి పిలిచింది. “ఎలీసెయో, నువ్వు పుస్తకాలు చదువుతావు కదరా. ఆయన ఎందుకు చెప్పడంటావు?”

“చెప్పడానికేమీ లేక, అక్కా.”

“ఛీ, నోర్ముయ్. అంత మౌనంగా ఉండే మనిషి కడుపులో ఏదో ఉండే ఉంటుంది. చివర్లో చెబుతాడు చూడు.”

ఆ మాట నవల గురించే కాదని ఇద్దరికీ తెలుసు.

కొన్నాళ్ళకి నవలలో పెళ్ళాం ధైర్యం చేసి అడిగింది: “ఇన్నేళ్ళూ మీ పక్కనే ఉన్నాను. మీ మనసులో నాకు తెలియని ఆ గది తలుపు ఒక్కసారి తియ్యండి.” ఒబ్దులియా ఆ మాటలు నాచేత నాలుగుసార్లు చెప్పించుకుని కంఠతా పట్టింది. ఆ ఆదివారం ఫౌస్టినో వచ్చాడు.

సోమవారం ఆమె ముఖం చూసి నేనే అడిగాను. “అడిగావా?”

“అడిగాను. ముక్క పొల్లుపోకుండా అడిగాను. అన్నం తింటూ నవ్వాడు.”

“ఏమన్నాడు?”

“‘ఏ గదే? లారీ తోల్తాను, నిద్దరొస్తే పడుకుంటాను. నువ్వు గాభరాగా ఎదురుచూస్తుంటే బాగుంటుంది, అందుకే చెప్పను’ అన్నాడు. గిన్నె అడుగున చిక్కుళ్ళు కూడా ఊడ్చుకుని తిన్నాడు.” ఈనె ఒకటి లాగి పక్కన పడేసింది. “ఇంకో ఆడది ఉందన్నా బాగుండేది, ఎలీ.”

గురువారం నవల పూర్తయ్యే రోజు. పెద్దింటాయన నోరు విప్పాడు. ఆయనకి తగ్గని జబ్బు ఉందట. వారాల తరబడి ఆస్పత్రిలో ఉండి వచ్చేవాడట. పెళ్ళాం బాధపడకూడదనే దాచాడట. పెళ్ళాం ఆయన కాళ్ళ మీద పడింది. హాలు కత్తుల మోతతో అదిరిపోయింది. తిబుర్సియో కళ్ళు తుడుచుకున్నాడు.

అప్పుడు ఒబ్దులియా లేచి వచ్చి, నా బల్ల మీది కత్తి తీసి నేల మీద పడేసింది.

మోత ఆగింది. దోన్ అన్సెల్మో కళ్ళజోడు తీశాడు.

“ఈనెలు లాగేవాళ్ళకి కత్తేమిటండీ, ఇది లెక్కలోకి రాదు!” అన్నాడు తిబుర్సియో.

“కత్తి ఎవరిదో వాళ్ళు, అది తమ మాట కూడా అని ఒప్పుకుంటే వస్తుంది,” అన్నాడు దోన్ అన్సెల్మో. “ఎవరిదమ్మా ఈ కత్తి?”

అందరూ నా వైపు చూశారు. “నాదే, నా మాటా అదే” అంటే చాలు, ఆమెని మాట్లాడనిచ్చేవాళ్ళు. ఈ జనమంతా నాకంటే తెలివితక్కువ వాళ్ళని రోజూ లోలోపల తిట్టుకునేవాణ్ణి. వాళ్ళ చూపులు పడేసరికి తల వంచి చేతిలోని ఆకు సర్దుకున్నాను.

“నాదేనండీ. లాక్కుంది,” అన్నాను.

హాలు నవ్వింది. ఆమె నన్ను తిట్టలేదు. “ఆ మౌనానికి కారణం ఉందని రాయడమే అబద్ధం,” అంది. మా రెండు వరసలకి తప్ప ఎవరికీ వినపడలేదు. దోన్ అన్సెల్మో కళ్ళజోడు పెట్టుకుని మిగిలిన పేజీ చదివేశాడు.

శనివారం లారీ వచ్చింది. ఫౌస్టినో బట్టల మూట అప్పటికే ఆమె గుమ్మం మెట్టు మీద ఉంది. అతను తలుపు బాదాడు. “ఏమైందే? ఎందుకు తియ్యవు? చెప్పవేం?” అని వీధి వీధంతా వింటుండగా అరగంట అడిగాడు. తలుపు తెరుచుకోలేదు. చివరికి మూట లారీలోకి విసిరి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

మరుసటి వారం ఒబ్దులియా మేస్త్రీని అడిగి, ఆకులు తడిపే గదికి మారింది. గోడలు మందంగా ఉంటాయి, చదివే గొంతు అక్కడికి చేరదు. వేళ్ళు ఎప్పుడూ నాని ఉండే ఆ పనికి ఎవరూ కావాలని వెళ్ళరు. గుమ్మంలో ఇప్పుడు కుర్చీ వేసుకుంటోంది కానీ, పదకొండేళ్ళ తరవాత పలకరించడానికి ఎవరికీ మాట దొరకలేదు. అక్కకి కబురు పంపింది. “ఇన్నాళ్ళకి గుర్తొచ్చానా” అని తిరుగు కబురు వచ్చింది.

తడి ఆకులు తేవడానికి నన్ను పంపినప్పుడు ఒకసారి అక్కడ నిలబడ్డాను. కత్తి విషయం ఎత్తాలనుకున్నాను. ఎత్తలేకపోయాను.

“ఇప్పుడేం చదువుతున్నాడు?” ఆమే అడిగింది.

“కొత్తది, అక్కా. ఒక పడవవాడి కథ.”

“మాట్లాడతాడా?”

“వాగుడుకాయ. నోరు మూస్తే ఒట్టు.”

చిన్నగా నవ్వింది. “మంచిదే,” అంది.

“నీ పాత పీట ఖాళీగానే ఉంది. వచ్చి వినరాదూ?”

ఆకుల కట్ట నా చేతుల్లో పెట్టి, నీళ్ళ డబ్బా అందుకుని పనిలో పడింది.